ఆవాజా, మాటలా?

మొన్న ఆదివారం పొద్దున్నే నేను పుట్టి పెరిగిన బస్తీ, భుయ్యాడీహ్ నుంచి అమ్మ ఫోన్ చేసింది. "దొడ్డమ్మ పానం ఎలిపోయిందే" అంది. దొడ్డమ్మ మాకు చుట్టం కాదు, పక్కింటావిడ; అమ్మ ఆమెని అప్పా అని, అంటే అక్కా అని పిలిచేది. ఇవాళ ఊరికి ఇంకో పక్క బిర్సానగర్‌లో ఒక బళ్లో పిల్లలకి లెక్కలు చెప్పుకుంటూ బతుకుతున్నానంటే ఆమె చలవే.

ఆమెకి ఎడమ చెవి బొత్తిగా వినబడదు, కుడిది అంతంతమాత్రం. ఎవరొచ్చినా ప్లాస్టిక్ కుర్చీ బరబరా లాక్కుని, మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూచునేది. "ఏటన్నావ్? మళ్లీ సెప్పు" అనేది ఊతపదం. ఆమెకి రహస్యం చెబితే వీధందరికీ చెప్పినట్టే, అరవాలి కదా మరి. పిల్లలమంతా ఆమెలా మాట్లాడి నవ్వుకునేవాళ్లం.

కాలేజీలో ఉండగా నాకు గొంతులు వినబడడం మొదలైంది. ఎవరూ లేని గదిలో ఇద్దరు నా గురించే మాట్లాడుకునేవారు. పుస్తకం తెరిస్తే వెక్కిరించేవారు. అమ్మ తెలుగులో అడిగితే హిందీలో జవాబివ్వడం హిందీ బళ్లలో చదివిన మా ఈడువాళ్ల అలవాటు. "ఆవాజ్ ఆతీ హై" అన్నాను. ఆ మాటకి గొంతు అనీ అర్థమే, చప్పుడు అనీ అర్థమే. అమ్మది బజారు హిందీ. చప్పుడనుకుంది. కార్ఖానా ఊళ్లో చప్పుడుకేం కొదవ? పాపం, కిటికీలకి దుప్పట్లు కట్టింది. నా మంచం వెనక గదిలోకి మార్చింది. చెవుల్లో దూది పెట్టింది. దూది పెట్టాక ఆ గొంతులు ఇంకా బాగా వినబడ్డాయి. కాలేజీ మానేశాను, అన్నం మానేశాను. గాలి సోకిందని ఎవరో అంటే తాయెత్తు కట్టారు.

ఒక మధ్యాహ్నం దొడ్డమ్మ కూర గిన్నెతో వచ్చింది. "మా గుంటకి నిద్దర్నేదప్పా, ఆవాజ్ వత్తందంతాది" అని అమ్మ అరిచి చెప్పింది.

దొడ్డమ్మ కుర్చీ నా ముందుకి లాగింది. నా నోటి వంకే చూస్తూ, "ఆవాజా, మాటలా?" అంది.

నేను పెదవి విప్పలేదు. "ఏటన్నావ్? మళ్లీ సెప్పు" అంది, నేనేదో అన్నట్టే. నాకు ఏడుపొచ్చింది.

"మాటలు."

"ఏటంతన్నాయే?"

అంతవరకూ ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. చచ్చిపొమ్మంటున్నాయని చెప్పాను. అది కూడా అరిచే చెప్పాల్సొచ్చింది. అమ్మ గబగబా వెళ్లి వీధి తలుపు మూసింది.

దొడ్డమ్మ కంగారు పడలేదు. "కొందరికి అలాగ వినబడతాయి. మా సెల్లికీ వినబడీవి. మేం ఎవులికీ సెప్పనేదు" అంది. ఆ చెల్లి ఏమైందో నేను అడగలేదు. "తాయెత్తు ఉండనీ. నానూ పార్దన సేత్తాను. రేపు డాక్టరు దగ్గిరికి ఎల్దాం."

"అందరికీ తెలిసిపోద్దప్పా" అంది అమ్మ.

"తెలీనీ. గుంట ఉంటాది కదా."

మర్నాడు ఆస్పత్రి వరండాలో, "పాగల్ వాలా డాక్టర్ కిధర్ బైఠతా?" అని, పిచ్చోళ్ల డాక్టరు ఎక్కడ కూచుంటాడని కేకేసింది. అందరూ ఇటే తిరిగారు. అమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది.

మందులు నిదానంగా పనిచేశాయి. ఒళ్లొచ్చింది, పగలంతా మత్తు. మానేస్తానని మొండికేసిన రోజు దొడ్డమ్మ ఎదురుగా కుర్చీ వేసుకుని, మాత్ర మింగేదాకా లేచేది కాదు. తర్వాత ఎక్కడ కనబడినా, బజార్లోనైనా చర్చి గేటు దగ్గరైనా, "ఆవాజ్ ఉందేటే?" అని అడిగేది. "లేదు దొడ్డమ్మా" అని నేను అరవాలి. ఉన్న రోజున ఉందనే అరిచాను. అప్పుడు కూరల సంచీ కింద పెట్టి, "ఏటంతన్నాయి?" అనేది. అంత తీరిగ్గా నా మాట విన్నవాళ్లు ఇంకెవరూ లేరు.

శవపెట్టె మూసేముందు అమ్మా నేనూ చూడ్డానికి వెళ్లాం. పాటలు పాడుతున్నారు. నేను కుడి చెవి దగ్గరికి వంగి, "ఆవాజ్ లేదు దొడ్డమ్మా" అన్నాను, ఆమెకి వినబడేంత గట్టిగా. పాట ఆగిపోయింది. అందరూ తిరిగి చూశారు. అమ్మ కొంగు ముఖానికి తెచ్చుకోలేదు. తనూ నా పక్కనే వంగింది.

"నేదప్పా, నేదు" అంది, నాకంటే గట్టిగా.