మావయ్యగారి నూనె చుక్క

పోయిన వారం మా కొత్త కారుని సర్వీసుకిచ్చి, వాళ్ల ఏసీ గదిలో కాళ్లు ఊపుకుంటూ కూర్చున్నాను. గంటన్నరకి టై కట్టుకున్నాయన వచ్చి, "అయిపోయింది మేడమ్, ఇంక పదివేల కిలోమీటర్ల దాకా, లేకపోతే ఏడాది దాకా ఇంజనాయిలు సంగతే మరిచిపోండి" అన్నాడు హిందీలో. మరిచిపోవాలట! ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు, నిలబడితే నిలబడబుద్ధి కాదు. ఇంటికొచ్చి చీర కూడా మార్చుకోకుండా బానెట్ ఎత్తి, నూనె మట్టం చూసే పుల్ల లాగి చూశాను. తేనె రంగులో నిగనిగలాడుతోంది. తుడిచి పెట్టేశాను. సాయంత్రం మళ్లీ లాగాను. మా ఆయన వరండాలోంచి, "పొద్దున మార్చిన నూనె సాయంత్రానికి పాడవుద్దా? నీకేమైనా పిచ్చా?" అన్నారు. పిచ్చే. ఈ పిచ్చి నాకు అంటించిన మనిషి మా మావయ్యగారు. ఎలా అంటిందో మా ఆయనకి కూడా సగమే తెలుసు.

రాయపూర్ కొత్తగా రాజధాని అయిన రోజులవి. రోడ్లన్నీ తవ్విపోసి ఉండేవి, ఎటు చూసినా దుమ్మే. మావయ్యగారు తెనాలి పక్క పల్లెటూరి నుంచి మీసాలు సరిగా రాని వయసులో వచ్చి, రైల్వే డీజిల్ షెడ్డులో నలభై ఏళ్లు చేసి రిటైరయ్యారు. రిటైరయిన మూడో నెలలో ఒక పాత కారు కొనుక్కొచ్చారు. అప్పటికే అది రెండు చేతులు మారింది, మీగడ రంగు, ఎడమ తలుపు లోపల్నుంచి తీస్తేగానీ రాదు. అత్తయ్యగారు దాన్ని చూసి, "ఇంట్లో ఒక ముసలి ఇంజను చాలదా?" అన్నారు. నాకు మాత్రం అది దేవుడిచ్చిన బండి. నేను ధర్సీవా దగ్గర ఆసుపత్రిలో నర్సుని, కాన్పుల వార్డు. పొద్దున్నే ఫ్యాక్టరీల బస్సుల్లో వేలాడుతూ వెళ్లేదాన్ని. కారొచ్చాక మావయ్యగారే రోజూ నన్ను దింపి, మళ్లీ తీసుకొచ్చేవారు. కోడల్ని కారులో దింపే మావగారు మా రైల్వే కాలనీ తెలుగువాళ్లలో ఆయనొక్కరే. చర్చిలో ఆడవాళ్లు నన్ను చూసి మూతులు తిప్పుకునేవాళ్లు. తిప్పుకోనీ అనుకునేదాన్ని.

ఆదివారం పొద్దున చర్చికి బయల్దేరే ముందు ఆయనకొక తంతు ఉండేది. షెడ్డులో ఇంజన్ల నూనెని పరీక్షించే పద్ధతినే ఇంటికి తెచ్చుకున్నారు. రాత్రంతా నిలిచి చల్లబడ్డ బండి బానెట్ ఎత్తి, పుల్ల బయటికి లాగి, దాని కొసనున్న నూనెని ఒక్క చుక్క పాత అట్టకాగితం మీద వదిలేవారు. చుక్క మెల్లగా పాకి, మధ్యలో ఒక మచ్చ, చుట్టూ ఒక వలయం కట్టేది. మచ్చ అంచులు పలచబడుతూ పాకితే నూనె ఇంకా పనిచేస్తున్నట్టు. నల్లటి ముద్దగా మధ్యలోనే ఆగిపోతే దాని పని అయిపోయినట్టు. మేమంతా ఇస్త్రీ బట్టల్లో, బైబిళ్లు చంకన పెట్టుకుని, ఆ చుక్క ఆరేదాకా గేటు దగ్గర నిలబడాల్సిందే. ఆయన కాగితాన్ని ఎండకి ఎత్తి పట్టుకుని, పాస్టరుగారు వాక్యం చదివినంత గంభీరంగా, "ఇంకో నెల ఆగొచ్చు" అనో "ఈ వారమే మార్చాలి" అనో చెప్పేవారు. "దేవుడి తీర్పు కంటే ఈయన తీర్పుకే ఎక్కువ భయపడతన్నాం" అని అత్తయ్యగారు గొణిగేవారు. మొదటి పాటకి మేం ఏనాడూ అందుకున్న పాపాన పోలేదు.

ఏ నూనె పొయ్యాలన్న దాని మీద మా ఇంట్లో జరిగినన్ని గొడవలు ఆస్తుల మీద కూడా జరిగుండవు. మా ఆయన బుకింగ్ క్లర్కు, ఖాళీ దొరికితే కార్ల పుస్తకాలు చదివేవారు. కొత్తరకం పల్చటి నూనె వచ్చిందనీ, అది పోస్తే పెట్రోలు తక్కువ తాగుతుందనీ, అయిదువేల కిలోమీటర్ల దాకా చూడక్కర్లేదనీ వాదన. మావయ్యగారు ఒప్పుకుంటేగా! ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. "పుస్తకంలో ఇంజను కొత్తది. మనది లోపల అరిగిపోయింది. సందులు పెరిగిన ఇంజనుకి చిక్కటి నూనే నిలబడుద్ది, పల్చటిది ఎక్కడికక్కడ జారిపోద్ది. పైగా ఈ ఎండలు, ఈ ఇనుప దుమ్ము, దారంతా ఆగుతా పోవడం. మూడువేలు దాటితే నేనొప్పుకోను" అనేవారు. తెలీబంధా పేటలో మాకు తెలిసిన కార్ల మెకానిక్, మిస్త్రీ, ఒకడుండేవాడు. వాడు ఇద్దరికీ తలూపి, చివరికి మావయ్యగారు చెప్పిన నూనే పోసేవాడు.

ఒక ఫిబ్రవరి ఆదివారం. మామూలుగానే ఆయన చుక్క వదిలారు, ఆరేదాకా ఆగారు, కాగితం ఎండకి ఎత్తి చూశారు. "బాగుంది. ఇంకో వెయ్యి నడుస్తుంది" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. కాగితం మీద ఏమీ లేదు. తెల్లగా, ఖాళీగా ఉంది. చుక్క పోయి ఆయన తెల్ల ప్యాంటు మీద, మోకాలి పైన పడింది. అయ్యో దేవుడా అనుకున్నాను. ఒక్కసారిగా అన్నీ గుర్తొచ్చాయి. గేటుకి రెండుసార్లు బండి గీరుకోవడం, పక్కనుంచి వచ్చిన సైకిల్ రిక్షాని చూడకపోవడం, అక్షరాలు మరీ చిన్నవంటూ పేపరు అత్తయ్యగారి చేత చదివించుకోవడం. నిన్నగాక మొన్న సాంబారు పళ్లెం పక్కన వడ్డించుకుంటే, "మావయ్యా, పళ్లెం ఇటుంది" అని నవ్వింది కూడా నేనే. నర్సుని! పుట్టిన బిడ్డ ఒంటి రంగు చూసి జబ్బు చెప్పగలిగిన దాన్ని!

మర్నాడే, "మీరు నేర్పిన డ్రైవింగు మరిచిపోతున్నాను మావయ్యా, నేను నడుపుతాను, మీరు పక్కన కూర్చుని చెప్పండి" అని స్టీరింగ్ తీసుకున్నాను. ఎదురు చెప్పకుండా తాళాలిచ్చేశారు. తన సంగతి ఆయనకీ తెలుసని అప్పుడైనా నాకు అర్థం కావాలి. ఆదివారాలు కాగితం నేనే పట్టుకునేదాన్ని, చుక్క సరిగ్గా మధ్యలో పడేలా. బండి సంగతి, రోడ్డు సంగతి అన్నీ చక్కబెట్టేశాననుకున్నాను. ఆయన్ని కళ్ల డాక్టరు దగ్గరికి మాత్రం తీసుకెళ్లలేదు. ఎందుకంటే ఏం చెప్పను? అరవై దాటిన మనిషి, శుక్లాలయ్యుంటాయి, ముదిరాక ఒకేసారి ఆపరేషన్ చేయిస్తే సరిపోతుంది, కొంపలేం మునిగిపోవు అనుకున్నాను. ఈ విషయం ఎత్తితే ఆయన అహం దెబ్బతింటుందనీ, ఇంట్లో పెద్ద రాద్ధాంతం అవుతుందనీ, వార్డులో సెలవు దొరకదనీ సాకులు వెతుక్కున్నాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. పొద్దున లేస్తే ఇవాళ చెప్పాలి అనుకోవడం, సాయంత్రానికి వచ్చేవారం చూద్దాం అనుకోవడం. కుదురు లేదు. డ్యూటీలో ఒకటికి రెండుసార్లు లెక్క తప్పి, పెద్ద సిస్టరు చేత చీవాట్లు తిన్నాను.

ఈలోగా నూనె నిజంగానే పాడైంది. వారం వారం కాగితం మీద మచ్చ నల్లటి ముద్దగా ఆగిపోతోంది, ఆయన ఎండకి ఎత్తి "బాగుంది" అంటున్నారు. ఏప్రిల్ వస్తోంది, ఎండ మండిపోతోంది. ఒక శనివారం డ్యూటీ నుంచి వస్తూ, ఆయన్ని ఇంటి దగ్గర దింపి, బజారు పని ఉందని చెప్పి తెలీబంధా పోయి నూనె మార్పించేశాను. నేను ఒంటరిగా వెళ్లేసరికి మిస్త్రీ, "భాభీ, ఈసారి కొత్తది వేస్తున్నా, భయ్యా ఎప్పట్నుంచో అడుగుతున్నారు" అని మా ఆయన కోరుకున్న పల్చటి నూనె పోసేశాడు. ఏదో ఒకటి, గండం గడిచిందనుకున్నాను.

మర్నాడు ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం, అందరూ మట్టలు పట్టుకుని చర్చికి నడిచి వెళ్లే రోజు. మావయ్యగారు పుల్ల లాగి, కాగితం దాకా రాకుండానే ఆగిపోయారు. కొసనున్న నూనెని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చూసుకున్నారు. మళ్లీ రాశారు. వాసన చూశారు. "ఇది నా నూనె కాదు" అన్నారు. అత్తయ్యగారూ మా ఆయనా మట్టలు పట్టుకుని అప్పటికే వీధి మలుపు దాకా వెళ్లిపోయారు. గేటు దగ్గర మేమిద్దరమే ఉన్నాం. నేను ఇంక దాచలేకపోయాను. ఏడుపొచ్చేసింది. "నిన్న నేనే మార్పించాను మావయ్యా. పాతది ఎప్పుడో పాడైపోయింది. మీకు కనిపించట్లేదు" అన్నాను.

ఆయన కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. బండి మీద చెయ్యి ఆనించి, "అవునమ్మా. ఒక కన్ను పోయి చాలా రోజులైంది. స్టీరింగ్ వదిలేస్తే ఇంక టీవీ ముందు కూర్చోపెడతారని చెప్పలేదు" అన్నారు. "నీకెన్నాళ్ల నుంచి తెలుసు?" అని అడిగారు. "రెండు నెలలు" అన్నాను. "రెండు నెలలా" అన్నారంతే. వేళ్లు గుడ్డకి తుడుచుకుని, నా భుజం పట్టుకుని చర్చికి నడిచారు. మొదటిసారి ఆయన చెయ్యి నా భుజం మీద బరువుగా తగిలింది.

సోమవారం మా ఆయనా నేనూ ఆయన్ని కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు చాలాసేపు చూసి, ఇది శుక్లం కాదు, ఇక్కడివాళ్లు కాలా మోతియా అంటారే, ఆ గ్లకోమా, నీటికాసులు అన్నారు. ఎడమ కన్ను పూర్తిగా పోయిందనీ, కుడి కన్ను సగం పైనే పోయిందనీ, పోయిన చూపు ఏం చేసినా తిరిగి రాదనీ, మిగిలింది కాపాడుకోవడానికే మందులనీ చెప్పారు. ఈ దశకొచ్చాక నెల నెలకీ తేడా ఉంటుంది, ముందే తెస్తే మరికాస్త మిగిలేది అని కూడా అన్నారు. తర్వాత ఆయన కలం తీసి, "ఇంట్లోవాళ్లు మొదట ఎప్పుడు గమనించారు?" అని అడిగారు. మా ఆయన నా వైపు చూశారు. నేను నర్సునని అప్పటికే చెప్పి ఉన్నాం. నేను మాట కూడదీసుకునేలోపు మావయ్యగారు, "నిన్ననే డాక్టర్ సాబ్. మా కోడలు నర్సు కదా, కనిపెట్టిన మర్నాడే లాక్కొచ్చింది" అన్నారు. నలభై ఏళ్లు షెడ్డు రిజిస్టర్లో ఒక్క తప్పు తేదీ రాయని మనిషి ఆయన. డాక్టరు "నిన్న" అని రాసుకున్నారు.

ఆ తర్వాత తొమ్మిదేళ్లు, ఆ మిగిలిన కాస్త చూపుతోనే బతికి, ఆయన వెళ్లిపోయారు. ఆ మాట మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు, నన్ను ఎత్తనివ్వలేదు. నా రెండు నెలల్ని ఆయన ఒక్క మాటతో ఒక్క రోజు చేసేశారు. నాకు మాత్రం అవి ఇప్పటికీ పూర్తికాలేదు.