మూడు ప్రాణాల చెంగమ్మను రాసిన మా చిన్నత్త

నిన్న మధ్యాహ్నం అన్నయ్య ఫోన్ చేశాడు. "చిన్నత్త పోయింది."

"ఏ చిన్నత్త?" అన్నాను. నాకున్నది ఒక్కతే చిన్నత్త.

ఫోన్ పెట్టేశాను.

తర్వాత ఫ్యామిలీ గ్రూప్ చూస్తే ఎవరో రాశారు: "పాపం, కాలక్షేపానికి కథలు రాసేది."

కాదు.

ఆర్. వసంత నవలా రచయిత్రి. తెలియనివాళ్ళు ఇప్పుడు తెలుసుకోండి.

ఎయిటీస్‌లో పాండిచ్చేరి వైట్ టౌన్‌లో ఒక షాపులో వీడియో గేమ్ మెషీన్ పెట్టారు. అత్త ఆ పక్క వీధి ఆఫీసులోనే టైపిస్ట్. లంచ్ టైమ్‌లో వెళ్ళింది.

"ఇది మొగపిల్లోళ్ళకమ్మా" అన్నాడట షాపాయన.

"ఆ సంగతి మెషీన్‌కి తెలుసునా?" అని స్టూల్ లాక్కుని కూర్చుంది.

వారం తిరక్కుండా నవల మొదలుపెట్టింది.

పాండిచ్చేరి పక్క ఏంబలం పల్లెలో నాట్లు వేసే చెంగమ్మ, తన చెల్లిని ఎత్తుకుపోయిన మాంత్రికుడి కోటలోకి వెళ్తుంది. కోటలో తొమ్మిది లెవెల్స్. చెంగమ్మకు మూడు ప్రాణాలు. ఓడిపోతే ఒక ప్రాణం పోతుంది, ఆ లెవెల్ మళ్ళీ మొదటి నుంచి. గెలిస్తే ఒక కొత్త శక్తి.

అప్పట్లో ఇలాంటిది ఎవరు రాశారు, చెప్పండి!

మా ఇళ్ళల్లో తరతరాలుగా తెలుగే మాట్లాడతాం. బడి చదువంతా తమిళం కాబట్టి తెలుగు చదవడం మాత్రం ఎవరికీ రాదు. నేను కూడా పెళ్ళయి నెల్లూరు వచ్చాకే నేర్చుకున్నాను. అందుకే అత్త మా ఇంటి తెలుగును తమిళ అక్షరాల్లో రాసింది.

మద్రాసులో ఒక తెలుగు పబ్లిషర్ దగ్గరికి నన్ను తోడు తీసుకెళ్ళింది. నాకప్పుడు పన్నెండేళ్ళు. అత్త మొదటి రెండు లెవెల్స్ చదివి వినిపించి, నోట్‌బుక్కులు ఆయన ముందు పెట్టింది.

ఆయన నవ్వాడు. "చచ్చినవాళ్ళు మళ్ళీ లేవడమేమిటమ్మా? ఒక్క ప్రాణం చాలు. అమ్మాయి బదులు అబ్బాయిని పెట్టండి. ఈ భాష కూడా మార్చాలి."

అత్త లేచి నిలబడింది.

"చెంగమ్మ ఆడదే సార్. మూడు ప్రాణాలూ ఉంటాయి. భాష మా అమ్మది. నోట్‌బుక్కులు ఇచ్చేయండి."

ఇంటికి తిరిగొచ్చే బస్సులో తిండివనం దాకా కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. ఏడుస్తోందని నాకు తెలుసు. తర్వాత ముక్కు తుడుచుకుని నావైపు తిరిగింది.

"స్టెన్సిల్ పేపర్ యాడ దొరుకుతాదే?"

ఆఫీసులో పర్మిషన్ అడిగి, ఆదివారాలు సైక్లోస్టైల్ మెషీన్ మీద తనే కాపీలు తీసింది. చేతులంతా ఇంకు. మేమిద్దరం కుట్టి, బజారు వీధిలో మనవాళ్ళ ఇళ్ళకు పంచాం.

బట్టల కొట్టు రాజమ్మవ్వ అక్షరాల కింద వేలు పెట్టి ఒక పేజీ చదివింది. ఆగింది.

"ఏందే ఇది! మనం మాట్లాడే మాటే కదా! ఇది పుస్తకంలో కూడా వస్తాదా?"

అవ్వకు అప్పటికి డెబ్బై దాటాయి. తన భాషను చదవడం అదే మొదటిసారి.

ఆ నవలను ఎవరూ అచ్చు వేయలేదు. అత్త ఒక్క మాట కూడా మార్చలేదు.

నెల్లూరు నుంచి రాత్రికే వచ్చేశాను. ఈరోజు పొద్దున ఇంట్లోవాళ్ళు గోరిమేడులో అత్త ఇంటి ముందు పెట్టే సంతాపం బ్యానర్‌కు "రిటైర్డ్ టైపిస్ట్" అని రాసిచ్చారు. నేను ప్రెస్‌కు వెళ్ళి కొట్టేయించాను. ఇప్పుడు తమిళ అక్షరాల్లో, మన తెలుగులో, పెద్దగా ఉంది:

ఆర్. వసంత, నవలా రచయిత్రి.

మార్చమని ఇద్దరు అడిగారు. మార్చను.

పోయిరా చిన్నత్తా. ఇక ఎవరికీ జవాబు చెప్పే పని లేదు, నిమ్మళంగా ఉండు.