పాముల్లేని దేశంలో కొండచిలువ పాఠం

న్యూజిలాండ్‌లో పాములు లేవు. జూలో కూడా లేవు. పెంచుకోవడం మాట దేవుడెరుగు, ఏదో ఓడలోంచి ఒకటి జారిపడితే దేశమంతా వార్తవుతుంది. అలాంటి దేశంలో కొండచిలువను ఎలా పట్టుకోవాలో నేర్చుకోవడానికి నేను రైలెక్కి, ఓడెక్కి, మళ్ళీ రైలెక్కి క్రైస్ట్‌చర్చ్ దాకా వెళ్ళొచ్చాను. కారణం మా ఆయన మధు.

తిరుపతిలో పశువైద్యం చదివిన నేను ఆరేళ్ళుగా వెల్లింగ్టన్ శివారు జాన్సన్‌విల్‌లో పిల్లుల గోళ్ళు కత్తిరిస్తున్నాను. బ్రిస్బేన్‌లో పెంపుడు పాములకు వైద్యం చేసే ఒక క్లినిక్‌లో ఉద్యోగం ఉందని ప్రకటన పడింది. చదువుకున్న చదువుకు తగ్గ పని ఇన్నాళ్ళకు కనబడిందని నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టలేదు. డ్యూటీలతో తీరిక లేక దరఖాస్తు మధును నింపమన్నాను. అదే నా బుద్ధితక్కువ. 'పెద్ద పాములను పట్టిన అనుభవం' అన్నచోట 'చిన్నప్పటి నుంచీ ఉంది' అని రాసి పంపేశాడు. కడపలో మా ఇంటి వెనక పాము కనబడితే నేను మంచమెక్కి అరిచేదాన్ని. నా అనుభవం అంతవరకే.

“ఇండియా వాళ్లమంటే చాలు, వాళ్లే నమ్ముతార్లే. ఎందుకట్ల టెన్షన్ పడతావు?” అన్నాడు.

వాళ్ళు నమ్మారు. వచ్చే బుధవారం వచ్చి ఒకరోజు పనిచేసి చూపించమన్నారు. అప్పుడు మా క్లినిక్ డాక్టరమ్మ ఆలన్ అనే పెద్దాయన సంగతి చెప్పింది. ఇంగ్లండ్‌లో బోవా జాతి పెద్ద పాములను, తర్వాత ఆస్ట్రేలియాలో కొండచిలువలను పెంచి, రిటైరై క్రైస్ట్‌చర్చ్‌లో ఉంటున్నాడట. ఫోన్ చేస్తే రమ్మన్నాడు. విమానమైతే గంటలోపే. మధు మాత్రం సీనరీ బాగుంటుందని ఓడకూ రైలుకూ టికెట్లు కొన్నాడు.

గురువారం ఉదయం ఆరున్నరకు జాన్సన్‌విల్‌లో రైలెక్కాను. ఏడుకల్లా వెల్లింగ్టన్, అక్కణ్ణించి బస్సులో ఓడరేవు. ఓడ ఎనిమిదీ నలభై ఐదుకు. ఓడ మీద వెళ్ళేవాళ్ళు ముందురోజే వాంతులకు మాత్ర కొనిపెట్టుకోండి. రెండు దీవుల మధ్య జలసంధి దాటేదాకా కాగితం సంచి పట్టుకునే కూర్చున్నాను. పక్క సీట్లో నెల్లూరు ఆంటీ ఒకావిడ, కూతురి దగ్గరికి వెళ్తూ, నాకు అల్లం మురబ్బా ఇచ్చింది. ఎక్కడికని అడిగింది. నిజం చెప్పాను.

“పాములకా వైద్యం? వద్దమ్మా. అవి పగబడతాయి. పన్నెండేళ్ళైనా వదలవు.”

“జబ్బు నయం చేస్తే కూడానా ఆంటీ?”

“సూది పొడిచింది గుర్తుంటుంది గానీ, నయమైంది దానికేం తెలుస్తుంది?” అందావిడ.

పన్నెండుంబావుకు పిక్టన్‌లో దిగి, మాంసం కూరిన 'పై' రొట్టె ఒకటి తిని, రెండు కావస్తుండగా క్రైస్ట్‌చర్చ్ రైలెక్కాను. వెళ్ళేటప్పుడు ఎడమవైపు కూర్చోండి, సముద్రం అటే ఉంటుంది. మధు నాకు కుడివైపు సీటు బుక్ చేశాడు. గంటల తరబడి కొండ గోడలు చూశాను. ఎదుటి సీటు న్యూజిలాండ్ పెద్దాయన నా పని గురించి విని, “మీ దేశంలో అయితే నాగస్వరం ఊదితే సరిపోతుంది కదా?” అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. అది ఇంకా ఒళ్ళు మండించింది. రాత్రి ఏడు దాటాక దిగి, స్టేషన్‌కు దగ్గర్లోని మోటెల్‌లో పడుకున్నాను.

శుక్రవారం తొమ్మిదికి ఆలన్ గరాజ్ తలుపు తీశాడు. నేల మీద నాలుగు మీటర్ల కొండచిలువ చుట్టుకుని పడుంది. అరవబోయి ఆగాను. పాత పూల దుప్పటితో దాన్ని ఆయన భార్య జీన్ కుట్టి, లోపల బియ్యం పోసింది. పదహారు కిలోలు. కళ్ళకు రెండు కోటు గుండీలు. పేరు షీలా అట. తాడును చూసి పామనుకున్నవాళ్ళ గురించి విన్నాను గానీ, దుప్పటిని చూసి జడిసింది నేనే అయ్యుంటాను.

“పాముకు నీ మీద ప్రేమా ఉండదు, పగా ఉండదు. ఆకలిగా ఉందా, భయపడిందా అన్నదే చూడాలి. బోవా చాలావరకు బుసకొట్టి చెబుతుంది. కొండచిలువ ఒక్కోసారి ఏమీ చెప్పదు. కళ్ళు పాలలా మసకబారితే కుబుసం విడుస్తోందని అర్థం, దాని జోలికి పోకు. తిన్నాక రెండు మూడు రోజులు ఎత్తకు,” అన్నాడు ఆలన్.

చేతులు కడిగించాడు. ఎలుక వాసనుంటే వేలు కూడా భోజనమేనట. పెట్టె తలుపు తీయగానే చెయ్యి పెట్టకుండా, కొక్కెం కర్రతో షీలాను మెల్లగా తాకమన్నాడు. వచ్చింది తిండి కాదు, మనిషి అని దానికి తెలియడానికి. తాకాను. నడుము కింద చెయ్యి వేసి ఎత్తి భుజాన వేసుకున్నాను.

“చచ్చావు,” అన్నాడు.

దించాను. మళ్ళీ ఎత్తాను. మళ్ళీ చచ్చాను. నాలుగోసారి నాకు కోపమొచ్చింది. తలను పిసకలేదు, మెడకు చుట్టుకోలేదు, ఇంకేం తప్పు చేశానని అడిగాను.

“ఒక్కదానివే ఎత్తుతున్నావు. ఇంత పెద్దదాన్ని ఇద్దరు లేకుండా ముట్టుకోకూడదు. అది చుట్టుకుంటే తోక వైపు నుంచి విప్పడానికి రెండో మనిషి కావాలి. ఇది నేను చెప్పకముందే, 'తోక ఎవరు పట్టుకుంటారు' అని నువ్వు అడగాలి. ఇంతకుముందు ఏ పాములను పట్టావు?”

నేను షీలా గుండీ కళ్ళవైపు చూశాను. జీన్ టీ కప్పులతో గుమ్మంలో నిలబడింది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మధు రాసింది చెప్పేశాను. మంచం సంగతి కూడా.

ఆలన్ నవ్వలేదు. చొక్కా చెయ్యి పైకి మడిచి మోచేతి మీది పాత కాటు మచ్చలు చూపించాడు. “నాకు వచ్చు అన్న రోజున ఇది. రాదు అని చెప్పు. నీ పక్కన ఒకరిని నిలబెడతారు. వచ్చు అన్నావనుకో, పామును నీ చేతికిచ్చి వాళ్ళు పక్క గదిలోకి వెళ్తారు.”

సాయంత్రం దాకా నేర్పాడు. తోక జీన్ పట్టుకుంది. వెళ్ళేటప్పుడు బుధవారం దాకా సాధన చెయ్యమని షీలాను ఒక పెద్ద సంచిలో పెట్టి నాకు అంటగట్టారు. వద్దంటే జీన్ చిన్నబుచ్చుకుంటుందని తెచ్చుకున్నాను.

శనివారం ఉదయం ఏడుకు తిరుగు రైలు. మధు పుణ్యమా అని ఈసారి ఎడమవైపు సీటు, మళ్ళీ కొండలే. పదహారు కిలోల బియ్యం కాళ్ళ దగ్గర పెట్టుకుని ఐదున్నర గంటలు ఒకటే ఆలోచించాను. నిజం చెబితే ఉద్యోగం పోవచ్చు, మళ్ళీ పిల్లుల గోళ్ళే. చెప్పకపోతే ఆ పక్క గది. పాము చావకుండా కర్ర విరగకుండా ఏదైనా దారుందా అని వెతికాను. లేదు.

ఒంటిగంటకు పిక్టన్ ఓడరేవు బల్ల మీద కూర్చుని బ్రిస్బేన్‌కు ఫోన్ చేశాను. అక్కడ ఉదయం పది. దరఖాస్తులో రాసింది నిజం కాదని, నేను పామును ఎప్పుడూ ముట్టుకోలేదని క్లినిక్ నడిపే కరెన్‌తో చెప్పాను. రాసింది మావారని చెప్పలేదు. దరఖాస్తు నా పేరు మీదే కదా.

“ఇక్కడ పనిచేసేవాళ్ళకు ఆ మాట బుధవారంలోగా తెలియాలి. శనివారమే చెప్పారు, మంచిదే,” అంది కరెన్. “ఉద్యోగం ఇస్తానని ఇప్పుడు చెప్పలేను. రండి. ఆ రోజు మీరు తోక వైపే ఉంటారు.”

ఓడ ఎక్కేచోట సంచిలో ఏముందని అడిగారు. కొండచిలువ అనబోయి, బియ్యం అన్నాను. ఈసారి సముద్రం నెమ్మదిగా ఉంది. నా చిరాకు మాత్రం ఆరున్నరకు జాన్సన్‌విల్‌లో దిగేదాకా తగ్గలేదు.

మధు ప్లాట్‌ఫాం మీద నవ్వుతూ నిలబడ్డాడు. “సీనరీ బాగుండెనా? ఏంది ఇంత పెద్ద సంచి?”

సంచి జిప్పు తీశాను. గుండీ కళ్ళు చూసి మధు రెండడుగులు వెనక్కి వేశాడు.

“చిన్నప్పటి నుంచీ అనుభవం ఉంది కదా,” అన్నాను. “తోక పట్టుకో. దీన్ని ఒక్కరే ఎత్తకూడదు.”