రుమాలు వాసన చూసిన మెకానిక్

నాయన పాత కారు పొగ కక్కుతుంటే చంద్రగిరిలో ఒక ముసలి మెకానిక్ భాయ్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బానెట్ ఎత్తలేదు. తెల్ల రుమాలు సైలెన్సర్ గొట్టానికి అడ్డం పెట్టి, దాన్ని వాసన చూశాడు.

"పొగ ఘాట్ ఎక్కేటప్పుడా, దిగినంకనా?"

"దిగినంకే, భాయ్."

"వాల్వుల మీద రబ్బరు సీళ్లు ఎండిపోయిండాయప్పా. ఆయిల్ లోపలికి కారతాంది. ఇంజన్ దించే పన్లేదు."

తిరుపతిలో ముగ్గురు మెకానిక్‌లు ఇంజన్ దించాల్సిందేనన్నారు. ఈయన రుమాలు వాసనతోనే తేల్చేశాడు. నాకు నమ్మకం కుదరక స్టూలు లాక్కుని పక్కనే కూర్చున్నాను. ఆయన అప్పుడు బానెట్ ఎత్తి స్పార్క్ ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలోంచి ఇంజన్‌లోకి నూలుతాడు తోయసాగాడు. నేను దిగ్గున లేచాను.

"తాడు అడ్డం లేకుంటే సీలు మార్చేటప్పుడు వాల్వు లోపలికి జారిపోతాది," అన్నాడు తలెత్తకుండా.

పని ముగించి, గట్టిపడిన పాత సీళ్లు నా అరచేతిలో పోశాడు. తాడు పూర్తిగా బయటికొచ్చిందా అని నేను దాని పొడవు చూస్తున్నాను. ఆయన తాళంచెవి అందించాడు.

"భాకరాపేట ఘాట్ ఒక్కడివే ఎక్కి దిగి రాప్పా. నేనుంటే నన్నే సూస్తావు, పొగను సూడవు."

దిగేటప్పుడు దారంతా, దిగినాక కూడా అద్దంలో వెనక్కి చూస్తూనే ఉన్నాను. పొగ లేదు. నా అనుమానమే నిజమయ్యేలా కొంచెమైనా కనబడితే బాగుండునని అప్పుడు కోరుకున్న సంగతి ఆయనకు చెప్పలేదు.