మనిషి పక్కన నడిచే బండి

ఆ వీధిలో ఎవరింట్లోనైనా ఫ్యాను ఆగిపోతే ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచించేవాళ్ళు. బజారుకు తీసుకెళ్తే వారం పడుతుంది. రాకెట్‌కిస్తే సాయంత్రానికే తిరుగుతుంది, కాకపోతే ఆ తర్వాత ఆ గదిలో కాగితం ముక్క నిలవదు. ఆయన చేతిలో పడ్డ వస్తువు ఏదైనా సరే, కొన్ననాటి కంటే జోరుగా తిరగాల్సిందే. మిక్సీ బాగుచేస్తే మూత ఎగిరి అటకెక్కేది. మోపెడ్ బాగుచేస్తే దాని యజమాని మర్నాడు మలుపు తిరగలేక ఎవరి గోడకో చేరగిలబడేవాడు. "బాగుచెయ్యమన్నాను గానీ పందేలకు పంపమన్నానా!" అని వాడు మొత్తుకుంటే, ఈయన మీసాల్లో నవ్వుకుంటూ "స్పీడు ఊరికే వేశాన్లే, పో" అనేవాడు. అసలు పేరేమిటో పోస్టుమ్యాన్‌కే గుర్తులేదు. కుర్రతనంలో రాకెట్, ఇప్పుడు రాకెట్ తాత, అంతే.

ముప్పై అయిదేళ్ళు మెకానిక్ షెడ్డు నడిపాడు. నడుం మొరాయించాక షెడ్డు మూసేసి, పానాలూ సుత్తులూ వెల్డింగ్ మిషనూ అన్నీ ఇంటి వెనక రేకుల పాకలోకి చేర్చాడు. భార్య ముందుగదిలో ఆడపిల్లలకు కుట్టు నేర్పుతుంది. ఆ గదిలో నాలుగు మిషన్లు ఒకేసారి మోగుతుంటే ఈయన గారికి ఆ ఇంట్లో చేసే పనేమీ ఉండేది కాదు. కాలుగాలిన పిల్లిలా పాకలోకీ గేటు దగ్గరికీ తిరిగేవాడు. అలాంటి మనిషిని ఆదుకున్నది మనవరాలు. కూతురు ఆసుపత్రిలో నర్సు, అదీ ప్రమాదాల వార్డులో. అల్లుడిది ఊళ్ళు తిరిగే ఉద్యోగం. అందుకని ఆరేళ్ళ పిల్ల, ఇంట్లో అందరూ బుడంకాయ అనే పిల్ల, బడి అయిపోగానే అమ్మమ్మ ఇంటికి వచ్చేది. మూడున్నరకు గేటు చప్పుడైందంటే ఆయనకు ప్రాణం లేచొచ్చేది. నట్లు ఒక డబ్బాలో, బోల్టులు ఒక డబ్బాలో ఇద్దరూ ఏరుకుంటూ కూర్చునేవారు. ఆ మూడు నాలుగు గంటల కోసమే ఆయన పొద్దున నిద్రలేచేవాడంటే అబద్ధం కాదు.

ఒకరోజు బుడంకాయ "తాతా, నాకూ ఒక బండి చెయ్యవూ" అంది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. పాత మోపెడ్ ఇంజను, ఇనప గొట్టాలు, నాలుగు చిన్న చక్రాలు, ఎవరో పారేసిన ఆఫీసు కుర్చీ సీటు పోగేశాడు. పది రోజులు పాకలో వెల్డింగ్ మెరుపులే. కుడికాలికి యాక్సిలరేటరు, ఎడమకాలికి బ్రేకు. అన్నీ అయ్యాక తనే ముడుచుకుని కూర్చుని వెనక సందు చివరిదాకా తోలి చూశాడు. "మరీ అంత జోరేం లేదు, పిల్లకు సరిగ్గా సరిపోతుంది" అని తేల్చేశాడు.

భార్య కిటికీలోంచి తొంగిచూసి, "పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలన్నారు" అంది.

"నీళ్ళు నువ్వు తాగు. మేమిద్దరం పాలే తాగుతాం" అన్నాడు.

శనివారం పిల్లను కూర్చోబెట్టాడు. హెల్మెట్ లేదు, ఏమీ లేదు. "మెల్లగా నొక్కమ్మా" అన్నాడు. ఆరేళ్ళ పిల్లకు మెల్లగా ఏమిటి, గట్టిగా ఏమిటి? ఉన్న బలమంతా పెట్టి తొక్కింది. బండి ఒక్క ఉరుకు ఉరికింది. ఆయన నడుం పట్టుకుని వెనకాల పరుగు, "బ్రేకు తొక్కవే! ఎడమకాలు, ఎడమకాలు!" అని కేకలు. ఎడమకాలు పాపం బ్రేకుకు జానెడు దూరంలో గాల్లో ఊగుతోంది. సందు చివర ఎవరో ఇల్లు కట్టుకుంటూ ఇసుక పోయించారు. వాళ్ళ ఇల్లు చల్లగా ఉండాలి. బండి వెళ్ళి ఆ కుప్పలో సగందాకా కూరుకుపోయి ఆగింది. పెదవి చిట్లింది, కదులుతున్న పాలపన్ను ఒకటి ఊడింది. పిల్ల నోట్లో ఇసుక ఉమ్మేసి, "తాతా, మళ్ళీ!" అంది.

ఆయన పకపకా నవ్వేశాడు. డ్యూటీ దిగి పిల్ల కోసం వచ్చిన కూతురు సందు మొదట్లో నిలబడి ఆ నవ్వు చూసింది.

ఆమె అరవలేదు. మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల కళ్ళలోకి చూసింది, మెడ తడిమింది, చేతివేళ్ళు ఒక్కొక్కటే వంచి చూసింది, ఇరవై నుంచి వెనక్కి లెక్కపెట్టించింది. అంతా సరిగ్గానే ఉందని తేలాక లేచి తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, ఇలాంటివి మా వార్డుకు వారానికి రెండొస్తాయి. తీసుకొచ్చిన తాతలు గుండెలు బాదుకుంటూ వస్తారు. నువ్వు నవ్వుతున్నావు."

"ఇప్పుడేమైందని? ఎలాగూ ఊడే పన్నేగా!"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆమె ముఖం గట్టిపడింది.

"సోమవారం నుంచి దీన్ని మా ఆసుపత్రిలో పిల్లల్ని చూసుకునే గదిలో ఉంచుతాను. ఇక్కడికి పంపను."

"సరేలేవే, బండి ముక్కలు చేసి పడేస్తాను, సరేనా?"

"ముక్కలు చేస్తే ఎల్లుండికి ఇంకోటి చేస్తావు, నీ సంగతి నాకు తెలీదా? దాన్నే మార్చు. నేను పక్కన నడుస్తుంటే అది నా పక్కనే రావాలి. నన్ను దాటి ఒక్క అడుగు ముందుకు పోకూడదు. అప్పుడు పంపుతాను."

సోమవారం మూడున్నర అయింది. గేటు చప్పుడు కాలేదు. నట్ల డబ్బా ముందు పెట్టుకుని అయిదింటి దాకా కూర్చుని, లేచి లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నాడు. మంగళవారం కూడా అంతే. బుధవారం మాత్రం పాకలో సుత్తి చప్పుడు మొదలైంది.

ఉన్నమాట చెప్పుకోవాలి, పనిమంతుడే. పిల్ల వదిలేసి వెళ్ళిన పాత చెప్పును కొలతకు పెట్టుకుని సీటు ముందుకు జరిపాడు, బ్రేకు కాలికి అందేలా. వేళ్ళు, జుట్టు, గౌను అంచు చిక్కుకోకుండా గొలుసుకు రేకు మూత వేశాడు. చుట్టూ పాత టైరు ముక్కలు బిగించాడు. వెనక ఒక తాడు కట్టాడు, అది లాగితే ఇంజను ఠక్కున ఆగిపోతుంది. హెల్మెట్ కొన్నాడు. ఇన్ని చేశాడు గానీ, స్పీడు జోలికి మాత్రం పోలేదు. చెయ్యి రాలేదు. జన్మలో ఒక్క వస్తువునైనా నెమ్మది చేసిన మనిషి కాదు మరి.

కూతురికి ఫోన్ చేసి, "బ్రేకు బ్రహ్మాండంగా పడుతోందమ్మా" అన్నాడు.

"ఎంత జోరుగా పోతుంది?"

"తోలి చూశాను, అంతేమీ..."

"నాన్నా, నేనడిగింది నా పక్కన నడుస్తుందా లేదా అని." ఫోన్ పెట్టేసింది.

"చూశావా దాని పొగరు!" అని భార్య మీద విసుక్కున్నాడు. "నడిచే మనిషి పక్కన నడవడానికి అది బండా, తోపుడుబండా?"

ఆవిడ దారం కొరుకుతూ, "తోలి చూసింది ఎవరు?" అంది.

"నేనే."

"మీ బరువెంత?"

"ఎనభై."

"పిల్లదెంత?"

పద్దెనిమిది కిలోలు. ముప్పై అయిదేళ్ళ మెకానిక్, ఈ చిన్న ముక్క తట్టలేదు. అంత ఇంజను మీద ఎనభై కిలోలు కూర్చుంటే ఒక లెక్క, పద్దెనిమిది కూర్చుంటే ఇంకో లెక్క. అయినా ఒప్పుకోబుద్ధి కాలేదు. గోనెసంచిలో పద్దెనిమిది కిలోల ఇసుక తూచి నింపి సీటులో పెట్టాడు. స్టీరింగు కదలకుండా కట్టాడు, యాక్సిలరేటరు తొక్కినట్టే ఉండేలా ఇటుక పెట్టాడు, ఇంజను ఆపే తాడు పొడుగు పెంచి చేతికి చుట్టుకున్నాడు. బండి వదిలాడు.

తాడు అరచేతిని కాలుస్తూ జారిపోయింది. చివరి ముడి దగ్గర గట్టిగా గుంజడంతో ఇంజనైతే ఆగింది గానీ, ఆ ఊపుకు బండి అడ్డం తిరిగింది. సంచి సీటులోంచి లేచి ఎదురుగోడకు కొట్టుకుని పిగిలింది. ఇసుక గోడ వెంట జరజరా కారింది.

రాకెట్ ఉన్నచోటే చతికిలబడ్డాడు. భార్య పరుగున వచ్చి కాలిన అరచేయి చూసి, నీళ్ళు పోసింది. "ఆ సంచి..." అని మొదలుపెట్టాడు. "వద్దు, అనకండి" అంది. ఆ తర్వాత లేచి ముందుగదిలోకి వెళ్ళి ఒక చెక్కముక్క తెచ్చింది. బొటనవేలంత మందం, వాడి వాడి నల్లబడి నున్నబడింది. వంగి దాన్ని యాక్సిలరేటరు పెడలు కింద పెట్టి, చేత్తో నొక్కి చూపించింది. పెడలు రవ్వంత దిగి, చెక్కకు తగిలి ఆగిపోయింది.

"పిల్ల ఎంత గట్టిగా తొక్కనీండి, ఇంతకంటే దిగదు."

"ఇదెక్కడిదే?"

"కుట్టుమిషను పెడలు కిందది. మీరు నా మిషన్లకు మోటార్లు బిగించలేదూ, అప్పట్నుంచీ ఉంది."

ఆ మోటార్లు ఆయన గొప్పగా చెప్పుకునే పనుల్లో ఒకటి. "అవి బాగానే తిరుగుతున్నాయిగా!"

"తిరగడమా! కాలు ఆనిస్తే చాలు, గుడ్డతో పాటు చెయ్యి కూడా లాక్కుపోయేవి. మొదటి వారంలోనే ఒక పిల్ల వేలిగోట్లోంచి సూది దిగిపోయింది. అప్పుడు చెక్కించాను ఇవి. కొత్తగా వచ్చినవాళ్ళకు ముందు చెక్క పెడతాను. చెయ్యి కుదిరాక తీసేస్తాను. మీరు నూనె వెయ్యడానికి వచ్చే రోజున అన్నీ బీరువాలో దాచేదాన్ని."

"ముప్పై ఏళ్ళూనా?"

"ముప్పై ఏళ్ళూ."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"అంత సంబరంగా బిగించారు, చిన్నబుచ్చుకుంటారని చెప్పలేదు. అయినా చెప్తే ఏం చేసేవారు? మెల్లగా తిరిగే మోటారు పెట్టేవారా?"

నిజం చెప్పాలంటే, పెట్టేవాడు కాదు. ఇంకో రెండు చుట్లు ఎక్కువ తిరిగేది తెచ్చేవాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆయనకు ముందు సిగ్గేసింది, తర్వాత నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ ముందుగదిలో కుట్టు నేర్చుకుని పోయిన పిల్లలు మూడు వందలమంది ఉంటారు. వాళ్ళ వేళ్ళు దక్కాయి, తన పరువూ దక్కింది, తనకు మాత్రం ఏమీ తెలియలేదు.

"నువ్వు లేకపోతే ఈపాటికి జనం నన్ను రాళ్ళతో కొట్టేవాళ్ళే" అన్నాడు.

"ఇంకా టైముంది లెండి" అంది ఆవిడ.

మూడు రోజులు పట్టింది. గట్టి కర్రతో కొత్త చెక్క కోసి, పిల్ల పీకెయ్యకుండా రెండు బోల్టులతో బిగించాడు. కొత్త ఇసుక సంచి కూర్చోబెట్టాడు. భార్య బండి పక్కన నడిచేది. బండి ముందుకు పోతే చెక్క మందం పెంచేవాడు, మరీ ఆగిపోతే ఆకురాయితో కాస్త అరగదీసేవాడు. మళ్ళీ బిగింపు, మళ్ళీ నడక. "ఏమండోయ్, ఈ వయసులో నాకు ఇంత నడక రాసిపెట్టి ఉందా?" అని ఆవిడ దెప్పుతూనే నడిచింది.

ఆదివారం మధ్యాహ్నం డ్యూటీకి పోతూ కూతురు పిల్లతో వచ్చింది. బండి చుట్టూ రెండుసార్లు తిరిగింది. గొలుసు మూత లాగి చూసింది, తాడు లాగి ఇంజను ఆపి చూసింది, పిల్ల చేత బ్రేకు తొక్కించింది. చెక్కను పీకబోయింది, కదల్లేదు. హెల్మెట్ పట్టీ బిగించి, "పోనివ్వు" అంది.

బండి కదిలింది. ఆమె పక్కన నడిచింది. సందు చివరిదాకా వెళ్ళారు, తిరిగి వచ్చారు. బండి ఆమెను ఒక్క అడుగు కూడా దాటలేదు. బుడంకాయ మూతి ముడుచుకుని, "తాతా, ఇది పరిగెత్తట్లేదు!" అంది. ఆ మాట ఆయనకు కలుక్కుమంది, అయినా ఓర్చుకున్నాడు.

"ఈ చెక్క ఆలోచన నీదేనా నాన్నా?"

"మీ అమ్మదే. ఎప్పుడో ఎవరో పిల్ల గోట్లో సూది దిగిందట, అప్పట్నుంచీ..."

కూతురు తల్లి వైపు చూసింది. తల్లి గబుక్కున వంగి పిల్ల హెల్మెట్ సర్దసాగింది. కూతురు తన ఎడమచేతి చూపుడువేలు ఆయన ముందుకు చాపింది. గోరు నడిమికి చీలి, సన్నటి గీతతో పెరిగి ఉంది.

"తలుపులో నలిగిందని చెప్పాం కదా నీకు."

చెప్పారు. ఆయనకు బాగా గుర్తుంది. ఆ సాయంత్రం ఆ తలుపును నానా తిట్లూ తిట్టి, అంచంతా చిత్రిక పట్టాడు.

"అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అమ్మ చెప్పొద్దంది, చెప్పలేదు. కానీ నా కూతురి విషయంలో దాచడం నావల్ల కాలేదు నాన్నా."

ఆయన ఆ వేలిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఎంతసేపటికీ వదల్లేదు.

"తప్పయిందమ్మా" అన్నాడు. అంతవరకూ ఆయన నోట ఆ మాట పెళ్ళామూ వినలేదు, పిల్లా వినలేదు. "నువ్వు మొహం మీద చెప్పి నన్ను కాపాడావు తల్లీ. చెప్పకపోయుంటే ఇంకా నవ్వుతూనే ఉండేవాణ్ణి."

కూతురు ముక్కు ఎగబీల్చింది, వాచీ చూసుకుంది. భుజానికున్న పిల్ల సంచి తీసి తండ్రి చేతికిచ్చింది. "గౌను అందులో ఉంది. సాయంత్రం స్నానం చేయించండి. ఏడింటికి వస్తాను" అని చెప్పి బయల్దేరింది. వెనక ఇంజను మళ్ళీ మొదలైన చప్పుడు వినిపించింది. సందు మలుపు తిరిగేదాకా ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.