రేకు పెట్టె అంచు మీద నూలుపోగు

మా చిన్నప్పుడు... సిరిసిల్లలో మా బాపు ఏ ఇనుప వస్తువు కొనబోయినా ముందు జేబులోంచి ఒక నూలుపోగు తీసేవాడు.

సాంచెల మీద బట్ట నేసే మనిషి... జేబులో పోగులకు కొదవ లేదు. ఆ పోగును వస్తువు అంచుల వెంట మెల్లగా లాగేవాడు. ఎక్కడైనా పట్టుకుందా, ఆ వస్తువు కింద పెట్టేసేవాడు. రంగు కొత్తగా మెరిస్తే ఇంకా అనుమానం. "దీని కింద ఏం దాచిండో..." అంటూ గోటితో గీకేవాడు. దుకాణాలవాళ్లు విసుక్కునేవారు. నాకు సిగ్గుతో ప్రాణం పోయేది.

నన్ను హాస్టల్‌లో చేర్పించేటప్పుడు రేకు పెట్టె కొందామని బజారుకు తీసుకుపోయాడు. ఆకుపచ్చ పెట్టె... మూత మీద గులాబీ పూలు. నేను దాన్నే పట్టుకొని నిలబడ్డాను. బాపు పోగు లాగాడు. మూత మూల దగ్గర టక్కున తెగింది.

"గిది వద్దు బిడ్డా. గా నల్లది తీస్కుందాం."

నేను ఏడుపు అందుకున్నాను. ఆ ఒక్కసారే... బాపు తన అనుమానాన్ని జేబులో పెట్టుకొని ఆ పచ్చ పెట్టే కొన్నాడు.

హాస్టల్లో మొదటి ఆదివారం, ప్రార్థనకు వేసుకుందామని తెల్ల ఓణీని పెట్టెలోంచి లాగాను. మూత మూలకు పట్టుకొని పర్రుమని చిరిగింది. మా అవ్వ తన పెండ్లి చీర కత్తిరించి కుట్టిచ్చిన ఓణీ అది...

ఇదంతా మొన్న జగిత్యాలలో ఒక కంప్యూటర్ దుకాణంలో నిలబడితే గుర్తొచ్చింది.

ఇప్పుడు మేం కోరుట్లలో ఉంటున్నాం. మా బిడ్డ రూతు ఇంట్లోనే పెండ్లి ఆల్బమ్‌లు తయారు చేస్తుంది. పోయిన ఎండాకాలం తన పాత కంప్యూటర్ వేడెక్కి వేడెక్కి, పని సగంలో ఉండగానే ఆగిపోయింది. చెప్పిన రోజుకు ఆల్బమ్ ఇవ్వలేక ఆ పెండ్లివాళ్ల ముందు తల వంచుకొని నిలబడింది నా బిడ్డ. ఇంకోసారి అట్లా అయితే పని ఇచ్చేవాళ్లు ఉండరని తన భయం.

అందుకే ఈసారి కొత్త కంప్యూటర్‌ను తానే కూర్చుకుంటానని నెలకో భాగం కొని అలమారాలో దాచుకుంది. ఇక మిగిలింది అవన్నీ బిగించే డబ్బా. దాన్ని క్యాబినెట్ అంటారట.

దుకాణంలో ఒకటి నడుస్తూ ఉంది. ముందు అద్దం, పక్కన అద్దం... లోపల రంగురంగుల లైట్లు. రూతు దాని ముందు నుంచి కదలలేదు. నాకు మాత్రం ఆ గులాబీ పూల మూతే కనిపించింది.

"ఇది మస్తు పోతున్నదక్కా. లోపట మూడు ఫ్యాన్లున్నయి" అన్నాడు దుకాణమాయన.

"మరి గాలి ఎటుకెల్లి పోతది తమ్మీ? ముందట మొత్తం అద్దమే ఉన్నది గదా?"

"పోతదక్కా, సందులున్నయి." నవ్వాడు.

ఆ నవ్వు మీద కూడా నాకు అనుమానమే. ప్రభువా, ఊరికే ఒక మనిషిని అనుమానిస్తుంటే క్షమించు... అని లోపల అనుకుంటూనే కొంగు చివర నుంచి ఒక పోగు లాగాను.

రూతుకు అర్థమైపోయింది. "అమ్మా, ఇజ్జత్ తియ్యకే... దండం పెడ్త!"

"పైన పంకా జర బంద్ చెయ్యి తమ్మీ" అన్నాను.

పోగును అద్దం ముందు, సందుల దగ్గర పట్టుకున్నాను. లోపల ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి. పోగు మాత్రం నిలువుగా వేలాడింది... కదల్లేదు.

"అయినా మంచిగున్నదమ్మా..." రూతు గొంతు సన్నగా వచ్చింది. బాపు లొంగినట్టే నేనూ లొంగేదాన్ని. అప్పుడే ఆయన బల్ల కింద ఆయన సొంత కంప్యూటర్ కంటపడింది. నల్ల డబ్బా. ముందంతా సన్నటి జాలీ. అద్దం లేదు, లైట్లు లేవు.

"నీకు గీ అద్దాలది నచ్చలేదా తమ్మీ?"

"నాదా? నాది పొద్దంత నడువాలె గదక్కా..." అనేసి నాలుక కరుచుకున్నాడు.

రూతు ఆయన వంక చూసింది. నా చేతిలోని పోగు తీసుకొని తానే వంగి ఆ జాలీ ముందు పట్టుకుంది. చటుక్కున వెళ్లి అతుక్కుంది పోగు!

"నాది గూడ పొద్దంత నడువాలె అన్నా. గసొంటిదే ఇయ్యి."

లోపలి నుంచి ఒకటి తెచ్చాడు. అంచుల వెంట పోగు లాగాను. లోపల ఒక మూల పట్టుకుంది. ఇంకోటి తెమ్మన్నాను. దాని మీద నీళ్ల మీద జారినట్టు జారింది.

"మీదేవూరక్కా?"

"పుట్టింది సిరిసిల్ల."

"గట్ల చెప్పు మరి!" అని ఈసారి నిజంగానే నవ్వాడు.

ఇంటికొచ్చి ప్రార్థన చేసుకొని బిగించుకుంది నా బిడ్డ. ఇప్పుడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడుస్తోంది. ఆ జాలీకి రూతు ఒక పోగు కట్టింది. అది అతుక్కొని ఉన్నంతసేపు గాలి ఆడుతున్నట్టు... వేలాడితే దుమ్ము తుడవాలన్నట్టు.

దాన్ని చూసినప్పుడల్లా నాకు ఆ పెట్టె మూలే గుర్తొస్తుంది. ఓణీ చిరిగిన సంగతి బాపుకు తెలియొద్దని, ఆ మూలను హాస్టల్ వెనక బండకేసి రోజూ రుద్దాను... నున్నగా అయ్యేదాకా. సెలవులకు పెట్టె ఇంటికి తెస్తే బాపు మళ్లీ పోగు తీశాడు. ఆ మూల దగ్గర లాగాడు. జారిపోయింది. అక్కడ లేచిపోయిన రంగును చూశాడు... గీసుకుపోయిన నా వేళ్లను చూశాడు.

అన్నింటినీ అనుమానించే మనిషి... ఆ రోజు నన్ను ఒక్క మాట అడగలేదు. పోగును చుట్టి జేబులో వేసుకున్నాడు.

ఇప్పుడు వస్తువులు అట్టపెట్టెల్లో, టేపు చుట్టుకొని గుమ్మం ముందుకే వస్తున్నాయి. కొనకముందు చేత్తో తడిమి చూసే వీలే లేదు... పోగు తీసే బాపులూ లేరు.

మీ ఇంట్లో ఏదైనా కొనేముందు ఎవరు, ఎట్లా పరీక్షించేవారు? అప్పుడు సిగ్గుపడి ఉంటారు కదా... చెప్పండి, చదువుకుంటాను.