ఆ చేతికున్న మనిషి

పాత గడియారాలను వేలం వేసే సంస్థలో ఆయన స్టోరు గుమస్తా. అయితే అక్కడ ఆయనకున్న గౌరవమంతా ఎడమ మణికట్టుది. అమ్మకానికి వచ్చిన ఏ గడియారాన్నయినా దానికే పెట్టి కేటలాగు కోసం ఫోటో తీస్తారు. మరీ లావూ కాదు, మరీ బక్కా కాదు. ఎముక పొడుచుకురాదు, నరాలు తేలవు. దేవుడు మిగతా మనిషిని హడావుడిలో చేసినా, ఆ జానెడు మేర మాత్రం తీరిగ్గా కూర్చుని చేశాడని ఫోటోగ్రాఫరు అంటూ ఉంటాడు. ఆయన దాన్ని పొగడ్తగానే తీసుకున్నాడు.

అలాంటి చేత్తో ఇంటిపని ఎలా చేస్తాడు? కూరగాయల సంచీ కుడిచేత్తోనే, నీళ్ళ బకెట్టూ కుడిచేత్తోనే. భార్య బట్టలు కుడుతుంది. కాస్త సూదిలో దారం ఎక్కించండి అంటే, "గుచ్చుకుంటే ఉద్యోగం పోతుందే" అని ఎడంచెయ్యి వెనక్కి దాచుకుంటాడు. ఆవిడకి అలవాటైపోయింది. కానిది అత్తగారికే.

అత్తగారు చిన్నపిల్లల బడిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. ఏ చెప్పు ఎవరిదో, ఏ పలక ఎవరిదో రుజువు చూపిస్తేగానీ ఇచ్చేది కాదు. అల్లుడు కేటలాగు తెచ్చి "ఇది నా చెయ్యే అత్తయ్యా" అన్నప్పుడల్లా కళ్ళజోడు పెట్టుకుని చూసేది.

"చెయ్యే. మీదని ఎక్కడుంది?"

"నాదేనండీ, ఒట్టు."

"మొహం లేని చెయ్యి ఎవరైనా నాదే అనొచ్చు బాబూ. రేపు మా తమ్ముడొచ్చి నాదంటే ఏం చేస్తాం?"

ఇదేమంత పెద్ద విషయం అనిపించొచ్చు. ఆయనకి మాత్రం పెద్దదే. పనిచెయ్యని చెయ్యి ఒకటి ఇంట్లో తిరుగుతున్నప్పుడు, అది బయట పనిచేస్తోందని నమ్మే మనిషి ఉండాలి. భార్య నమ్ముతుంది. కానీ మొగుణ్ణి నమ్మడం ఆవిడకి తప్పదు గనక అది లెక్కలోకి రాదని ఆయన అభిప్రాయం. అత్తగారు నమ్మాలి.

అలా ఉండగా ఒక బంగారు గడియారం వచ్చింది. అంకెల మధ్య చిన్న కిటికీ, అందులో పెరుగుతూ తరుగుతూ చందమామ. అలాంటివి లోకం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయట. పాత గడియారాలు సేకరించే పెద్దమనుషులు ఫోన్ల మీద ఫోన్లు. కన్నబిడ్డల్ని ఎప్పుడైనా అడిగారో లేదో గానీ, "దెబ్బలేం తగల్లేదుగా? బాగా నడుస్తోందిగా?" అని దాని బాగోగులు అడిగేవారు.

"ఈసారి ఉత్త చెయ్యి చాలదు. పెట్టుకున్న మనిషి కూడా కనపడాలి" అన్నాడు యజమాని. అందగాణ్ణెవరినైనా పిలుద్దామంటే, దాని తోలు పట్టీ తాతలనాటిది. అప్పటికే గుమస్తా మణికట్టుకి సర్దుకుంది, ఇంకొకరికి పెడితే విరిగేలా ఉంది. యజమాని ఆయన మొహం వంక కాసేపు చూసి నిట్టూర్చాడు. "సరే, రేపు మొహంతో సహా రండి."

ఆ మాట ఆయన ఇంటికి మోసుకొచ్చాడు. "అత్తయ్యా, ఈసారి మొహం కూడా పడుతోంది."

"పడనివ్వండి. చూద్దాం."

మర్నాడు అరువు కోటు తొడిగి, పౌడరు రాసి కూర్చోబెట్టారు. గడ్డం కింద చెయ్యి ఆనించి, సూటిగా కెమెరాలోకి చూడాలి. అంతే పని. క్లిక్కుమంది. చెయ్యి రాయిలా నిలిచింది గానీ మొహం కాస్తా గోడవైపు తిరిగిపోయింది.

"ఇటు చూడండి సార్!"

"చూస్తూనే ఉన్నానుగా."

చూస్తున్నాననే ఆయన అనుకుంటున్నాడు. గడియారం అద్దానికి ఊపిరి తగిలితే మసక కమ్ముతుంది. అందుకని ఉద్యోగంలో చేరిన నాటి నుంచి, క్లిక్కుమనే సమయానికి తల పక్కకి తిప్పి ఊపిరి బిగబట్టడం నేర్చుకున్నాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఉద్యోగంతో వచ్చింది మాత్రం ఒక్క పూటలో పోతుందా? యజమాని స్వయంగా వచ్చి తలని రెండు చేతులా పట్టుకుని, సరిగ్గా సమయానికి వదిలాడు. తల మళ్ళీ గోడవైపే తిరిగిపోయింది. చివరికి గడియారాన్ని ఇనప్పెట్టెలో పెట్టే వేళైంది. ఉన్నవాటిలో ఒకటి ఎంచారు. అందులో చెయ్యి, గడియారం, కాస్త చెంప, ఒక చెవి పడ్డాయి.

"పోనీలే. కొనేవాడు తన మొహం తనే ఊహించుకుంటాడు" అన్నాడు యజమాని. అన్నట్టే గడియారం అమ్ముడైపోయింది.

కేటలాగుని ఆయన సంచీ అడుగున దాచేశాడు. భార్యే దాన్ని పైకి తీసి తల్లి ఒళ్ళో పెట్టింది. ఆయనకి ప్రాణం ఉసూరుమంది.

"ఈసారీ మొహం పడలేదత్తయ్యా" అన్నాడు గుమ్మం దగ్గర్నుంచే.

అత్తగారు కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. "మొహం సంగతి అలా ఉంచండి. ఈ చెవి మీదే. చెవి మీదైతే చెయ్యీ మీదే అయ్యుంటుంది."

ఆయనకి కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనైంది. "ఒక్క చెవి చూసి ఎలా పోల్చారండీ?"

"నేను మాట్లాడినప్పుడల్లా నాకు కనపడేది అదే కదా బాబూ" అందావిడ, పేజీ తిప్పుతూ.

సంతోషించాలో సిగ్గుపడాలో ఆయనకి తెలియక రెండూ చేశాడు. ఆ సాయంత్రం అత్తగారు చెప్పిందంతా ఆవిడ వైపు తిరిగే విన్నాడు. మెడ కొంచెం నొప్పెట్టింది.